ఓడిపోయిన ఇద్దరి నుంచి

రాష్ట్రస్థాయి పోటీ ఆఖరి ఆటలో, గెలుపు గుమ్మం దాకా వచ్చాక, ప్రణుతి ఎదురుగా ఉన్న తెర రెప్పపాటు సేపు బిగుసుకుపోయింది. తెరలో ఆమె ఒక పాత కోట మలుపు తిరుగుతోంది. మలుపు అవతల ఏముందో కంప్యూటర్ ఇంకా మెమరీలోకి తెచ్చుకోలేదు. డిస్కులోంచి వెతికి తెచ్చుకునే లోపల, అక్కడ కాచుకుని ఉన్నవాడు బాణం వదిలాడు. తెర మళ్ళీ కదిలేసరికి ఆమె బొమ్మ నేల మీద పడి ఉంది. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు, మిగతా సగం అయ్యో అన్నారు. ప్రణుతి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వచ్చేసింది.

బయట స్కూటర్ దగ్గర నిలబడి ఉన్న ఆమె తండ్రి కూర్మారావు ఆ నడక చూసే గ్రహించాడు.

"ఆగిపోయిందేటమ్మా?"

"ఆగిపోయింది. ఆ కోట మలుపులోనే. ఇంట్లో ఆడినప్పుడూ అక్కడే ఆగేది, నీకు చెప్పాను కదా నాన్నా."

చెప్పింది. అందుకే అతనికి తల కొట్టేసినట్టయింది. కూర్మారావు చాలాకాలంగా చేస్తున్న ఉద్యోగమే అది మరి. కంప్యూటర్ ఆటలకి మెమరీ సర్దిపెట్టే ప్రోగ్రాములు రాస్తాడు. మెమరీ అంటే అద్దెకిచ్చే గదులనుకోండి. ఆటకి కావలసిన కోటలు, మనుషులు, చప్పుళ్ళు అన్నీ ఆ గదుల్లో సిద్ధంగా ఉంటే తెర నీళ్ళలా పారుతుంది. గదులు చాలకపోతే ఒకరిని ఖాళీ చేయించి ఇంకొకరిని దింపాలి, ఆ సందట్లోనే తెర బిగుసుకుంటుంది. ఎవరిని ఖాళీ చేయించాలో తేల్చే ఇంటి ఓనరు పని కూర్మారావుది. విశాఖపట్నంలో ఆ పని అతనంత బాగా చేసేవాళ్ళు లేరని చెప్పుకునేవారు. అలాంటివాడి కూతురు మెమరీ చాలక ఓడిపోయింది.

పోనీ ఇంకాస్త మెమరీ కొని పెడదామంటే దొరికే రోజులు కావవి. తయారైన చిప్పులు తయారైనట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలు ఎగరేసుకుపోతున్నాయి. ఆటలేమో ఏటికేడాది బలుస్తున్నాయి. మామూలు మనుషుల కంప్యూటర్లకి అరకొర మిగులుతోంది, అంతే.

మర్నాడు పొద్దున్నే పాత చిప్పులేమైనా దొరుకుతాయేమోనని కూర్మారావు స్టూలు వేసుకుని అటక ఎక్కాడు. చిప్పులు దొరకలేదు. చేతికి తగిలింది భార్య ట్రంకుపెట్టె.

రత్నం పోయి నాలుగేళ్ళు కావస్తోంది. విషజ్వరం, వారం తిరక్కుండానే. ఆ తర్వాత ఎవరైనా ఆమె మాట ఎత్తితే చాలు, ప్రణుతి తినే కంచం ముందు నుంచి లేచిపోయేది, ఊపిరాడేది కాదు. కొన్నాళ్ళు ఆ ఊసు తేవద్దని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు కాస్తా ఇంటి అలవాటైపోయింది. ఫొటోలు దింపారు, చీరలు పంచేశారు, మిగిలినవి పెట్టెలో పెట్టి అటకెక్కించారు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడకుండా, ఆ ఒక్క పేరు తప్ప అన్నీ మాట్లాడుకుంటూ బతికారు. ప్రణుతి ఆటల్లో పడింది కూడా అప్పుడే.

తియ్యకూడదనుకుంటూనే కూర్మారావు పెట్టె మూత తీశాడు. పైనే ఉంది స్టీలు గ్లాసు. దాని మీద పాత్రల కొట్లో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: 'ఓడిపోయిన ఇద్దరి నుంచి.'

ఆ తుఫాను వారం మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చేసింది. ఊరంతా కరెంటు లేదు. ప్రణుతి అప్పుడు రెండో తరగతి. కంప్యూటర్ లేక కూర్మారావుకి చేతులు కట్టేసినట్టుంటే, రత్నం మేకు తెచ్చి ముందు గదిలో గచ్చు మీద అష్టాచెమ్మా గళ్ళు గీసేసింది. ఇల్లు అద్దెదని అతను గోల పెట్టినా వినలేదు. గవ్వల్ని గుప్పిట్లో పట్టి, చెవి వెనక్కి పెట్టుకుని గలగలలాడించి, అవేదో రహస్యం చెప్పినట్టు తలూపి మరీ వేసేది. ఆమెకే అష్ట పడేది. తండ్రీకూతుళ్ళ కాయలు ఇంటికి చేరబోతుంటే సరిగ్గా గుమ్మంలో చంపేది, చంపి పకపకా నవ్వేది. వారమంతా ఒక్క ఆట కూడా ఓడలేదు. ఎండ కాశాక ఇద్దరూ స్టీలు కొట్టుకి వెళ్ళి ఈ గ్లాసు చేయించి బహుమతిగా ఇచ్చారు. ఆ తర్వాత ఆవిడ టీ ఎప్పుడూ అందులోనే. కాలుతుంటే కొంగు చుట్టి పట్టుకునేది.

కూర్మారావు అటక మీదే కూర్చుని ఏడ్చాడు. కింద కూతురుకి వినబడకుండా భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత గ్లాసు లోపల పెట్టి మూత వేసేశాడు. ఇంకెప్పుడూ దీని జోలికి రాకూడదనుకున్నాడు. ఆ పక్క వారమే ముందు గదిలో గళ్ళు కనబడకుండా గోడ నుంచి గోడ దాకా లినోలియం షీటు అతికించేశాడు. ఎందుకని ప్రణుతి అడగలేదు.

కూతురు అలా ఓడి రాకపోతే, బహుశా కూర్మారావు ఆ పనికి ఒప్పుకునేవాడు కాదు. అతని సంస్థ యజమాని జయసింహ ఏడాదిగా వెంటపడుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ కుర్రవాడు, కూర్చున్న చోట కుదురుగా ఉండడు.

"చిప్పుల కోసం ఎందుకండీ ఏడుపు? ఆడేవాడి తల్లోనే బోలెడు మెమరీ ఉంది. అందులో వాడేది ఎంతని? మీరు సర్దిపెట్టండి, చాలు."

మెదడుతో మాట్లాడే పరికరం అప్పటికే సిద్ధమైంది. చెవి వెనక అంటించుకునే తెల్లటి ముక్క, సూదీ కోతా ఏమీ లేవు. ఆట తాలూకు గదులన్నీ అది మనిషి మెదడులో పేరుస్తుంది, కంప్యూటర్ డిస్కులో వెతుక్కునే పని లేకుండా అక్కణ్ణించే తీసుకుంటుంది. మెదడు సంగతులు చూడ్డానికి డాక్టర్ నస్రీన్ అనే అమ్మాయిని పెట్టుకున్నారు. ఎవరిని ఖాళీ చేయించాలో తేల్చే పని మాత్రం కూర్మారావుది.

అతను కొత్తగా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు. ఎన్నో ఆటలకి రాసిన రెండు నియమాల్నే ఇక్కడా రాశాడు. చాలా కాలంగా ఎవరూ ముట్టుకోని దాన్ని ముందు ఖాళీ చెయ్యి. ఆ ముట్టుకోని దానిలో మార్పేమీ జరగకపోతే, దాన్ని ఎక్కడా దాచకుండా దాని మీదే కొత్తది రాసెయ్యి, ఎందుకంటే అసలుది డిస్కులో భద్రంగా ఉంటుంది. కంప్యూటర్లో ఈ రెండో నియమం బంగారం. దాచే పని తప్పుతుంది కాబట్టి ఆట వేగం పెరుగుతుంది. ఆ పూట క్యాంటీన్లో పెసరట్లు వేస్తున్నారని తెలిసి గబగబా ముగించి వెళ్ళాడు కూడా.

ముందు తన చెవికే పెట్టుకున్నాడు. ఇంకొకరి తల మీద ప్రయోగం చెయ్యడానికి మనసొప్పలేదు, అంతమటుకు మంచివాడే. కోట మలుపు దగ్గరికి వెళ్ళి తిరిగాడు. తెర ఆగలేదు. పరిగెత్తాడు, గుర్రమెక్కి తిరిగాడు, వెనక్కి తిరిగాడు, ఎక్కడా ఒక్క తడబాటు లేదు. జయసింహ కుర్చీలోంచి లేచి ఎగిరాడు.

"దీనికి పేరేం పెడదాం సార్?"

"గవ్వ," అన్నాడు కూర్మారావు వెంటనే. చెవి వెనక గలగలలాడిన చెయ్యి అతనికి కనబడింది. ఎందుకా పేరని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు రోజూ పెట్టుకుని ఆడాడు. ఉద్యోగమే కదా. విచిత్రంగా ఒంట్లో కూడా బాగుండడం మొదలైంది. నిద్ర పడుతోంది. ఆకలేస్తోంది. టీ కాచుకునేటప్పుడు గుండె పట్టేసినట్టు అనిపించేది, అది పోయింది. కాలమే మందు అని చుట్టాలు అంటూ ఉండేవారు, నిజమే కాబోలు అనుకున్నాడు. గవ్వని జనానికి చూపించే రోజున ఒక విలేఖరి ఆ పేరెందుకని అడిగితే, "ఆకారం చూడండి, అచ్చం గవ్వలా లేదూ?" అన్నాడు. నిజంగానే అదే కారణమనుకుని చెప్పాడు పాపం.

ప్రణుతికి తొలి బ్యాచిలోనే తెచ్చి పెట్టాడు. ఆమె ఆట చూసి తీరాలి. మలుపులన్నీ తన పెరడైనట్టు తిరిగేది. జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది, జాతీయ జట్టులోకి పిలుపొచ్చింది. ఇల్లు ఇల్లయింది. ఏళ్ళుగా పెదవి చివర నవ్వే పిల్ల ఇప్పుడు పగలబడి నవ్వుతోంది. అన్నం దగ్గర కూర్చుని తండ్రిని ఏడిపిస్తోంది.

"నువ్వే కాస్త ముందు కనిపెట్టి ఉంటే పోయినేడే గెలిచేసేదాన్ని కదా నాన్నా."

"అప్పుడు నువ్వు ఓడకపోతే నేను కనిపెట్టేవాడినే కాదమ్మా."

ఆ రోజుల్లో కూర్మారావు సంతోషంగా ఉన్నాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కూతురు బతికి బట్ట కట్టిందనీ, అందులో తన చెయ్యి ఉందనీ గర్వపడ్డాడు.

నస్రీన్ ఒకరోజు మధ్యాహ్నం అతని గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మనిషి నెమ్మదస్తురాలు. ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక కూడా దుపట్టా అంచు మెలితిప్పుతూ ఉండిపోయింది.

"సార్, మనకి గవ్వ పెట్టుకుని పరీక్షించి చూపేవాళ్ళలో గాజువాక నుంచి వచ్చే అబ్బాయి ఉన్నాడు కదా, అతన్ని వాళ్ళ తాత పెంచాడట. చిన్నప్పుడే ఆయన పోయాడు. తాత గురించి చెప్పమని మాటవరసకి అడిగాను. పేరు చెప్పాడు, ఏ ఊరో చెప్పాడు. ఇంకేమీ లేదు. ఒక్క సంఘటన కూడా లేదు. మిగతావాళ్ళని కూడా అడిగి చూశాను, అందరికీ ఏదో ఒకటి పోయింది. పోయినట్టు వాళ్ళకి తెలీదు. మీరు ఖాళీ చేయించేది దేన్ని సార్?"

"వాడనిదాన్నే. చాలా కాలంగా ముట్టుకోనిదాన్ని."

"దాన్ని ఎక్కడికి పంపిస్తారు?"

"పంపించక్కర్లేదు. మార్పు లేనిదైతే మీదే రాసేస్తాం. అసలుది డిస్కులో..." అని కూర్మారావు ఆగిపోయాడు.

నస్రీన్ దుపట్టా అంచు వదిలేసింది. తర్వాత మెల్లిగా అడిగింది. "మెదడుకి డిస్కు ఎక్కడుంది సార్?"

జవాబు ఇద్దరికీ తెలుసు. తలలో ఉన్నదే అసలు ప్రతి, దానికి నకలు లేదు. బడిపిల్లవాడికైనా తట్టే సంగతి, జీవితమంతా మెమరీలు సర్దినవాడికి తట్టలేదు. ముట్టుకోనిది అంటే అక్కర్లేనిది అని అతని చేతివేళ్ళకి అలవాటైపోయింది. మనుషులు కొన్నింటిని ఎందుకు ముట్టుకోరో ఆ వేళ్ళకి ఏం తెలుసు? అప్పుడు ఒక్కసారిగా తన ఇల్లు గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి పలకని ఒక పేరు గుర్తొచ్చింది. లేచి స్కూటర్ తాళాలు కూడా మర్చిపోయి మెట్లు దిగాడు, మళ్ళీ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

ప్రణుతి కిటికీ పక్కన కూర్చుని ఆడుతోంది. చెవి వెనక తెల్లగా గవ్వ. అతను దాన్ని ఊడబెరికాడు.

"ఏటి నాన్నా ఇది, మధ్యలో..."

"అమ్మ," అన్నాడు కూర్మారావు. ఆ మాట అనగానే లేచిపోతుందేమో, ఊపిరాడక తడుముకుంటుందేమో అని చూశాడు. అలా జరగాలని దేవుణ్ణి వేడుకున్నాడు. "మీ అమ్మ. రత్నం."

ప్రణుతి కనుబొమలు ముడిచి అతని వైపు చూసింది. "ఊఁ, ఏమైంది? జ్వరం వచ్చి పోయారు కదా ఆవిడ." తర్వాత తండ్రి మొహం చూసి కంగారుపడింది. "నాన్నా, నీకు ఒంట్లో బాగులేదా? కూర్చో. మంచినీళ్ళు తెస్తానుండు."

ఆమె గ్లాసు అందిస్తుంటే కూర్మారావు ఆ చెయ్యి పట్టుకుని అడిగాడు, నీకు అమ్మ ఎలా గుర్తుంది అని. ప్రణుతి నిజాయితీగా ఆలోచించింది. పేరు తెలుసు. పుట్టింది పర్లాకిమిడి అని తెలుసు. పోయిన రోజు తెలుసు. ఎక్కడో చదివినట్టు అన్నీ తెలుసు. "గుర్తంటే... అప్పుడు నేను చిన్నదాన్ని కదా," అంది. తల్లి పోయేనాటికి ఆమెకి పదహారేళ్ళు.

కూర్మారావు ఆ సాయంత్రమే జయసింహ దగ్గరికి వెళ్ళాడు. అమ్మకం ఆపమని బతిమాలాడు, అరిచాడు, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. జయసింహ అంతా విన్నాడు. అతని మొహం నిజంగానే పాలిపోయింది. కానీ లక్షల ఇళ్ళలో ఉన్న వస్తువది.

"ఇంతమంది వాడుతున్నారు, ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా సార్?"

"ఏం పోయిందో తెలిస్తే కదయ్యా ఫిర్యాదు చేసేది."

"మరి, ఎవరికీ బాధ లేనప్పుడు..." అని జయసింహ వాక్యం పూర్తి చెయ్యకుండా కిటికీ వైపు తిరిగాడు. సముద్రం మీద దీపాలు వెలుగుతున్నాయి. మర్నాటి నుంచి గవ్వల మీద కొత్త హెచ్చరిక ఒకటి అచ్చువేస్తామన్నాడు, చాలా చిన్న అక్షరాల్లో. కూర్మారావు ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చేశాడు. దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

నస్రీన్‌కి ఫోన్ చేసి, పోయినవి వెనక్కి తేవచ్చా అని అడిగాడు. ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"పోయినవి రావు సార్. కానీ తెలిసినవాళ్ళు కూర్చుని చెబితే కొత్తగా నాటుకుంటాయి. సొంత జ్ఞాపకంలా కాదు, విన్న కథలా. ఏమీ లేని దానికన్నా నయమే. ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు మీరే కదా."

ఆ మాట పట్టుకుని వేలాడాడు కూర్మారావు. నిజమే. రత్నం పుట్టింటివాళ్ళు ఆమె చిన్నతనం చెబుతారేమోగానీ, ఈ ఇంట్లో ఈ ముగ్గురి మధ్య జరిగింది ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి తుడిచిపెట్టుకుపోయింది. ఇక మిగిలిన ప్రతి తనే. చెప్పాలి, రోజూ చెప్పాలి. ఏడుపొస్తే ఏడవనీ, ఏడుస్తూనే చెప్పాలి. తను కూడా నెలల తరబడి గవ్వ పెట్టుకున్నాడన్న సంగతి అతనికి తట్టకపోలేదు. తట్టింది, భయపడ్డాడు, ఒళ్ళంతా తడుముకున్నట్టు లోపల వెతుక్కున్నాడు. తనకు తెలిసినంతలో తను ఏదీ మర్చిపోలేదు. అమ్మయ్య అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న అటక మీంచి ట్రంకుపెట్టె దింపాడు. ముందు గదిలో లినోలియం మీద ఇద్దరూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ప్రణుతికి విషయమంతా చెప్పేశాడు, తన తప్పుతో సహా. ఆమె ఏడవలేదు. ఏడవడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. తండ్రి కోసం మాత్రం బాధపడింది, అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

"చెప్పు నాన్నా. అన్నీ చెప్పు. నేను వింటాను."

పెళ్ళిచూపులు చెప్పాడు. రత్నం చెప్పులు వేసుకోవడం మర్చిపోయి వీధిలోకి వచ్చేసిందని చెప్పాడు. అది అతను పది మందిలో తరచుగా చెప్పే కథ. ప్రణుతి పుట్టిన రోజు వాన చెప్పాడు. అదీ తరచుగా చెప్పేదే. మూడోది మొదలుపెట్టబోయి, ఏది చెప్పాలా అని వెతుక్కున్నాడు. ముందు తొందరేమీ లేకుండా, తర్వాత కొంచెం తొందరగా వెతికాడు. పెట్టెలో ఏదైనా చూస్తే గుర్తొస్తుందిలే అని మూత తీశాడు.

పైనే ఉంది స్టీలు గ్లాసు. ప్రణుతి దాన్ని తీసింది. ఖాళీ గ్లాసు, చల్లగా ఉంది. అయినా ఆమె దుపట్టా కొంగు చుట్టి పట్టుకుంది, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు. అలా ఎందుకు పట్టుకుందో ఆమెకి తెలియదు. కూర్మారావు ఆ చేతి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఎందుకో అతనికీ తెలియలేదు.

"దీని మీద ఏదో రాసుంది. 'ఓడిపోయిన ఇద్దరి నుంచి.' ఇద్దరంటే మనమే కదా?"

"మనమే అయ్యుంటాం."

"దేంట్లో ఓడిపోయాం నాన్నా?"

కూర్మారావు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాల్ని వేలితో తడిమాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. చుక్కలు వేలికి గరుకుగా తగులుతున్నాయి. ఇది చేయించింది తనే అయ్యుండాలి. దీని వెనక ఒక నవ్వు ఉండాలి, ఒక ఇల్లంత నవ్వు, లేకపోతే ఎవరైనా ఇలాంటిది చేయిస్తారా? తలలో ఆ నవ్వు ఉండాల్సిన చోటికి వెళ్ళి చూస్తే కోట ఉంది. రాళ్ళ కోట, మలుపు, మలుపవతల ఎండ. ఆటలోని కోట, చాలా స్పష్టంగా, ఒక్క తడబాటు లేకుండా.

అప్పుడు అతనికి తెలిసింది, ఏ చోట ఏది ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదని.

ప్రణుతి ఎదురుచూస్తోంది. ఆశగా, చిన్నపిల్లలా. ఆ చూపుకి ఖాళీ చెయ్యి చూపించలేకపోయాడు.

"క్యారమ్స్‌లో," అన్నాడు కూర్మారావు.

"అమ్మ క్యారమ్స్ ఆడేదా?"

"ఆడేదా ఏటి, మనిద్దర్నీ కలిపి ఓడించేది. ఎర్ర కాయ ఎప్పుడూ ఆవిడకే పడేది. పౌడరు బోర్డు మీద కన్నా నీ మొహం మీదే ఎక్కువ చల్లేది."

ప్రణుతి పెద్దగా నవ్వింది. గ్లాసుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి ముందుకు వంగింది. ఆ కథ ఆమెలో దిగడం కూర్మారావు కళ్ళారా చూశాడు. ఇంకొన్నాళ్ళకి తనకూ అది నిజమే అనిపిస్తుందని అతనికి తెలుసు.

"బాగుంది నాన్నా. ఇంకొకటి చెప్పు."

అతను కళ్ళు తుడుచుకుని ఇంకొకటి మొదలుపెట్టాడు. వాళ్ళు కూర్చున్న లినోలియం కింద, గచ్చు మీద, రత్నం మేకుతో గీసిన గళ్ళు అలాగే ఉన్నాయి.